మీకు తెలుసా? చెంగల్పట్టు కోర్టుకెక్కిన ఒంటరి తండ్రి

విడాకులు, బిడ్డ ఎవరి దగ్గర పెరగాలన్న కోర్టు తగువు, ఒంటరి తండ్రి అవస్థ: ఈ కథతో వచ్చిన ‘క్రేమర్ వర్సెస్ క్రేమర్’ (1979)కు 5 ఆస్కార్‌లు దక్కాయి. అలాంటి తగువే అంతకు చాలా ముందు ఒక తెలుగు తండ్రికి ఎదురైంది. అయితే ఇక్కడ విడాకులు లేవు. భార్య 1905లోనే పోయింది.

మదనపల్లెకు చెందిన జిడ్డు నారాయణయ్య 1910లో తన కొడుకులు కృష్ణమూర్తి (తర్వాతి తత్వవేత్త), నిత్యానందలను దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షురాలు అనీబిసెంటు సంరక్షణలో పెట్టారు. తర్వాత మనసు మారింది. అప్పటికే పిల్లలు ఇంగ్లండు చేరారు. 1912లో చెంగల్పట్టు జిల్లా కోర్టులో దావా వేశారు.

కేసు మద్రాసు హైకోర్టుకు మారింది. బిసెంటు తన వాదన తానే వినిపించారు. తండ్రి తరఫు వకీలు సి.పి. రామస్వామి అయ్యర్. చిత్రమేమంటే, తర్వాత ఆయనే ఆమె హోంరూల్ ఉద్యమంలో సహచరుడయ్యారు!

1913లో తండ్రే గెలిచారు. 1914లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ ఆ తీర్పును కొట్టేసింది. పిల్లలు చెంగల్పట్టు జిల్లాలో నివసించడం లేదు కాబట్టి ఆ జిల్లా కోర్టుకు అధికారమే లేదంది. పిల్లల ఇష్టం అడగకపోవడాన్నీ తప్పుపట్టింది.