పాత స్పీకర్లు, గ్రామఫోను ముళ్లు



ఈనాటి ప్రసంగమునకు విషయము పాత స్పీకర్లు, పాత గ్రామఫోను ముళ్లు. ఈ మాట వినగానే కొందరు నవ్వుకొనవచ్చును. అటుకమీద దుమ్ముపట్టి పడియున్న సామానును గూర్చి ప్రసంగమేమి యని అడుగవచ్చును. కాని యేబది, అరువది సంవత్సరముల క్రిందటి స్పీకరు పెట్టెను వేలు పోసి కొని, దానిని విప్పి బాగుచేసి, సాయంకాలమున దాని యెదుట నిశ్శబ్దముగ కూర్చుండువారు జపానులో కలరు, ఇంగ్లండులో కలరు, మన హైదరాబాదులోను కలరు. వారు వెర్రివారు కారు. కొందరు మాత్రము కొంచెము వెర్రివారే. ఆ సంగతి తరువాత చెప్పెదను.

గ్రామఫోను మీకు క్రొత్తది కాదు. కీ త్రిప్పి, ప్లేటు పెట్టి, ఉక్కుముల్లు దింపినంతనే బూరనుండి పాట వెలువడుట మీలో పలువురు చిన్ననాట చూచినదే. ఎమిలి బెర్లినరు అను నాతడు 1887లో పేటెంటు పొందిన ఆ పద్ధతి చాల సులభమైనది. గాయకుని కంఠము గాలిని ఏ రీతిగ కదలించెనో ఆ రీతిగనే వంకరలు తిరిగిన సన్నని గాడి ప్లేటుమీద ఉండును. ముల్లు ఆ వంకరలవెంట ఇటునటు ఊగును. ఆ యూపు సౌండుబాక్సులోని అభ్రకపు రేకును కదలించును. రేకు గాలిని కదలించును. బూర ఆ ధ్వనిని పెద్దది చేయును. ఇందు విద్యుచ్ఛక్తి లేదు. ధ్వనికి కావలసిన బలమంతయు గాడినుండియే రావలెను. కావున సౌండుబాక్సు 100 గ్రాములకు పైబడిన బరువుతో ప్లేటును త్రొక్కుచుండెను.

ఆ ప్లేట్లకు బంకగా నుండినది లక్క. మోదుగ, రేగు మొదలగు చెట్లమీద లక్కపురుగు చేయు పదార్థమే అది. లోకమునకు కావలసిన లక్కలో పెద్ద భాగము మన దేశపు అడవులనుండియే పోవుచుండెను. ఆ లక్కలో సన్నని రాతిపొడి కలిపెడివారు. ఆ పొడి ముల్లు మొనను అరగదీసి గాడి యాకారమునకు తెచ్చును. అందుచేతనే ప్లేటు ఒక్కొక్క ప్రక్కకు ఒక్కొక్క క్రొత్త ముల్లు వేయవలెనని నియమము పెట్టిరి. ఆ నియమమును పాటించిన యిండ్లెన్నియో పెద్దలకే తెలియును. ముళ్ల డబ్బీ కరవైనపుడు అదే ముల్లుతో పది ప్లేట్లు వేయుట మా యింటిలోను జరిగినది. దాని ఫలితము చివర చెప్పెదను.

1948లో అమెరికాలో కొలంబియా కంపెనీవారు నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు దీర్ఘమైన ప్లేటును తెచ్చిరి. ఇది లక్కది కాదు, వినైలు అను మెత్తని పదార్థము. గాడి మిక్కిలి సన్ననిది. ఒక ప్రక్కకు 22 నిమిషములు పాడినచో ముల్లు నడచు గాడి పొడవు సుమారు అర కిలోమీటరగును. ఇట్టి ప్లేటుమీద పూర్వపు సౌండుబాక్సును దింపినచో ఒక్క పాటతోనే గాడి పాడగును. కావున బరువు తక్కువగు సాధనము కావలసి వచ్చినది. దానినే కార్ట్రిడ్జి యందురు. బొటనవ్రేలిలో సగమంత పెట్టె. దానినుండి సన్నని అల్యూమినియము కమ్మి. ఆ కమ్మి చివర వజ్రపు మొన.

దీని రహస్యము ఫారడే పండితుడు 1831లో కనుగొన్నది. అయస్కాంతము దగ్గర తీగచుట్టను కదలించిన ఆ తీగలో విద్యుత్తు పుట్టును. చుట్టను కదలనీయక అయస్కాంతమును కదలించినను పుట్టును. కమ్మికి రెండవ కొనయందు చిన్న అయస్కాంతము అమర్చిన కార్ట్రిడ్జి యొక జాతి. సన్నని తీగచుట్టను అమర్చినది మరియొక జాతి. మొదటి దానిలో మొన యరిగినచో ముల్లు మాత్రము లాగి మార్చుకొనవచ్చును. రెండవది సున్నితమైనది; మొన పోయినచో పనివానియొద్దకు పంపవలసినదే.

ఈ రెండవ జాతిలో డెనన్ డి.ఎల్. 103 అను కార్ట్రిడ్జి చరిత్ర మనము వినదగినది. 1960 తరువాతి తొలి సంవత్సరములలో జపాను దేశపు రేడియో సంస్థయగు ఎన్.హెచ్.కె. వారితో కలిసి దీనిని రూపొందించిరి. ఇండ్లలో వేడుకకు గాక, స్టీరియో ప్రసారములకై చేసినది. రేడియో వారికి కావలసినదేమి? నేడు ఒకటి, రేపు మరియొకటి పెట్టినను ధ్వని మారరాదు. దినమంతయు పనిచేయవలెను. అజాగ్రత్తగ దింపినను విరుగరాదు. మోపవలసిన బరువు రెండున్నర గ్రాములు. దానినుండి వచ్చు విద్యుత్తు వోల్టును పదివేల భాగములు చేసినచో అందు మూడు భాగములు మాత్రమే. ఆ చీమ శక్తిని పెంచి పెంచి ఊరంతటికి వినిపించుటయే మిగిలిన యంత్రముల పని. ఈ కార్ట్రిడ్జిని తరువాత ప్రజలకును అమ్మిరి. ఇంతకంటె సూక్ష్మమైన మొనలు ఎన్ని వచ్చినను, అరువది సంవత్సరములు దాటినను దానిని కోరువారు తగ్గలేదు. కంఠమునకు నిండుదనము వచ్చునని వారందురు. నేను విన్నంతవరకు ఆ మాట నిజమే. మిక్కిలి సన్నని తాళముల మెరుపు మాత్రము క్రొత్తవానిలో ఎక్కువ స్పష్టముగ ఉండును.

ఇక స్పీకర్లు. ఇందును రేడియో కథయే. ఇంగ్లండులో బి.బి.సి. వారు ఉత్సవములు, సభలు, కచేరీలు జరుగు చోటికి మోటారు బండ్లను తీసికొనిపోయి ప్రసారము చేసెడివారు. బండిలో స్థలము తక్కువ. పెద్ద స్పీకరు పట్టదు. చిన్నది పెట్టినచో వచ్చు ధ్వని నిజమో కాదో తెలియదు. ధ్వని సరిగా లేనిచో తప్పు మైకుదా, గదిదా, స్పీకరుదా? ఈ చిక్కు తీర్చుటకు వారి యింజనీర్లు 1970 తరువాత ఒక చిన్న పెట్టెను సిద్ధపరచిరి. ఎత్తు 12 అంగుళములు, వెడల్పు ఏడున్నర. పలుచని ప్లైవుడ్ పలకలు, అవి స్వయముగ మ్రోగకుండ లోపల మందమైన తారు అట్టలు. దాని పేరు ఎల్.ఎస్. 3/5ఏ. చివరి అక్షరమునకు కారణమున్నది. లోపలి స్పీకర్లను తయారుచేయువారు వానిని కొంచెము మార్చగా, ఆ కొంచెపు మార్పుకే ధ్వని తేడాపడెనని నమూనాను మరల సరిదిద్దవలసి వచ్చినది.

స్పీకర్లను పరీక్షించుటకు బి.బి.సి. వారు ముఖ్యముగ వాడిన సాధనమేమనుకొందురు? మనిషి మాట. స్టూడియోలో మాటలాడు మనిషిని స్వయముగ విని, వెంటనే ప్రక్కగదిలో స్పీకరులో వినుచుండిరి. వీణ ధ్వనిలో స్వల్పభేదమును పసిగట్టువారు కొందరే. మాటలో రవ్వంత ముక్కుతనము, రవ్వంత కుండలోని మ్రోత కలిసినను మనమందరము పసిగట్టుదుము. పుట్టినది మొదలు వినుచున్నది మాటయే గదా! అందుచేతనే ఆ పెట్టెలో కంఠము ఎదుట మనిషి కూర్చున్నట్లుండును. లోపములు లేవనను. బిగ్గరగా మ్రోగదు, మృదంగపు తొప్పి పూర్తిగ పలుకదు. పెండ్లిపందిరికి అది పనికిరాదు.

అంతకు పూర్వము 1957లోనే పీటరు వాకరు అను నాంగ్లేయుడు క్వాడ్ పేరిట మరియొక వింత స్పీకరును అమ్మకమునకు తెచ్చెను. అందు కాగితపు గరాటు లేదు. రంధ్రములుగల రెండు పలకల నడుమ మిక్కిలి పలుచని ప్లాస్టిక్ పొర బిగించి, దానికి వేల వోల్టుల విద్యుత్తు నిచ్చిరి. పొరకు బరువు లేనట్లే కావున గాలితో పాటు కదలును. చూచుటకు మాత్రము చలికాచుకొను విద్యుత్ పొయ్యివలె నుండును. 1985 వరకు దానిని చేసిరి.

వీనికి భిన్నముగ బీరువాలంతటి బూర స్పీకర్లు కలవు. సినిమాశాలలకు చేసినవి. ఆ దినములలో ధ్వనిని పెంచు యంత్రముల శక్తి పది, ఇరువది వాట్లే. అంత కొంచెము శక్తితో హాలు నింపవలెనన్న పెద్ద బూర తప్పదు. జపానులో యుద్ధానంతరము విదేశపు ప్లేట్లు సామాన్యులు కొనలేని వెలకు అమ్ముచుండిరి. అప్పుడు కాఫీ దుకాణదారులు ప్లేట్లను, ఇట్టి పెద్ద స్పీకర్లను తెచ్చి పెట్టగా, ఒక్క కప్పు కాఫీ కొని గంటలకొలది కూర్చుండి వినెడివారు. కొన్ని దుకాణములలో మాటలాడుట నిషేధము. మన గ్రామచావడిలో పంచాయతి రేడియో చుట్టు ఊరంతయు చేరిన దినములు మీకు జ్ఞప్తికి వచ్చుచుండును. మనవారు మాత్రము మాటలాడకుండ ఎన్నడును వినలేదు.

కొందరు కొంచెము వెర్రివారంటిని. పాతదైనంత మాత్రమున గొప్పదని నమ్మువారిని గూర్చి ఆ మాట. 1970 తరువాత స్పీకర్ల గరాటు అంచులకు నురుగు ప్లాస్టిక్ వాడిరి. పదిహేను, ఇరువది సంవత్సరములలో అది వ్రేలు తాకిననే పొడియగును. కార్ట్రిడ్జిలోని రబ్బరు గట్టిపడిన కమ్మి వంగదు, మొన గాడిని గీకును. లోపలి కండెన్సర్లు ఎండిపోవును. మన యెండలు, మన వానకాలపు తేమ వీనిని మరింత తొందరపెట్టును. అంచు మార్పించక, కండెన్సరు చూపించక, ఇదియే పూర్వుల ధ్వని యని మురియువారు వినుచున్నది శిథిలమును, పూర్వుల ధ్వనిని కాదు. ముళ్ల కంపెనీలును నిలువవు: 1964లో వి15 అను ప్రసిద్ధ కార్ట్రిడ్జిని తెచ్చిన షూర్ కంపెనీవారు 2018లో ఆ వ్యాపారమునే మానిరి. కావున దేనినైన కొనుటకు ముందు దానికి ముల్లు దొరకునా యని అడుగుడు.

ఇప్పుడు మీ పెట్టెలలోని ప్లేట్ల మాట. అంగుళమును వేయి భాగములు చేసినచో లక్కప్లేటు ముల్లు మొనకు వ్యాసార్ధము ఇంచుమించు మూడు భాగములు. వినైలు ప్లేటు ముల్లుకు ఒక భాగము, లేదా అంతకు తక్కువ. సన్నని ముల్లును లక్కప్లేటుపై వేసినచో అది గాడి అడుగున పడి బురబుర శబ్దమును వినిపించును, తానును అరగును. లావుముల్లును వినైలుపై వేసినచో గాడి చెడును. పట్టణమునుండి వచ్చిన మనుమడు వేడుకపడి తన క్రొత్త యంత్రముపై మీ ప్లేటు వేయబోయిన, ముందుగ ముల్లు సంగతి అడుగుడు. లక్కప్లేటును స్పిరిటుతో తుడువనీయకుడు. వడ్రంగులు లక్కను స్పిరిటులో కరగించియే మెరుగు పూయుదురు గదా! మెత్తని బట్టతో దుమ్ము తీసి, ఎండ తగులని చోట నిలువుగ నిలుపుడు. 1925కు పూర్వపు ప్లేట్లలో పెక్కింటి వేగము సరిగ 78 కాదు. గాయకుని శ్రుతి అసహజముగ హెచ్చినట్లు తోచిన వేగము తగ్గించి వినుడు.

మా తాతగారి పెట్టెలో ఒక హరికథ ప్లేటు ఉండెను. ఆయనకది ప్రాణము. చిన్నతనమున నేను అరిగిన ఉక్కుముల్లుతోనే దానిని వేసి వేసి చెరిపితిని. కథకుడు గొంతెత్తు చోట బుస తప్ప మాట వినబడకుండెను. తాతగారు నన్నేమియు అనలేదు. ప్లేటును గుడ్డలో చుట్టి లోపల పెట్టిరి, మరల తీయలేదు. ఆయన పోయిన చాల యేండ్లకు ఆ ప్లేటును ఇట్టి యభిరుచిగల మిత్రునియొద్దకు కొనిపోతిని. అతనియొద్ద వేరువేరు లావుల ముళ్లు నాలుగున్నవి. ఉక్కుముల్లు గాడి గోడను ఒక యెత్తున మాత్రమే అరగదీయును. అంతకు లావైన మొన కొంచెము పైన ఆనినచో అక్కడి గోడ చెక్కుచెదరక యుండవచ్చునని చెప్పెను. మొదటి ముల్లుతో బుసయే. రెండవదానితోను బుసయే. మూడవది, అన్నిటికంటె లావైనది, దింపినపుడు గొంతెత్తు చోట కథకుని మాట వినబడినది. నడుమ రెండు పదములు ఇప్పటికిని పోయినవి పోయినట్లే యున్నవి.