బెల్ట్ మార్చాక పికప్ పోయిందా? ముందు టీడీసీ చూడండి

ఇవాళ కెమెరా మన అంబర్‌పేట్ గల్లీలోనే పెట్టాను. వెనకాల హార్న్‌లు, ఉల్లిగడ్డల బండి మైకు వినిపిస్తే కొంచెం అడ్జస్ట్ చేసుకోండి.

టాపిక్ టాప్ డెడ్ సెంటర్. షెడ్డులో అందరూ టీడీసీ అంటారు. పిస్టన్ సిలిండర్‌లో పైకి వెళ్లి, ఇక పైకి పోలేక, కిందకి దిగబోయే ముందు ఆగే పాయింట్ అది. ఇంజన్‌లో చాలా కొలతలు ఇక్కడి నుంచే మొదలవుతాయి. ప్లగ్‌లో నిప్పురవ్వ ఎప్పుడు రావాలి, వాల్వ్‌లు ఎప్పుడు తెరుచుకోవాలి, చాలావరకు "టీడీసీకి ఇన్ని డిగ్రీల ముందు, ఇన్ని డిగ్రీల తర్వాత" అనే రాస్తారు. మన కోడింగ్ భాషలో చెప్పాలంటే ఇది జీరో ఇండెక్స్. సున్నానే తప్పు చోట పెడితే మిగతా లెక్కంతా తప్పే.

ఇది ఇప్పుడు ఎందుకంటే, మా గల్లీలో కర్రీ పాయింట్ నడిపే అన్నకి పాత మారుతి ఓమ్ని ఉంది. పొద్దున బేగంబజార్ నుంచి సరుకు, మధ్యాహ్నం నాచారం ఇండస్ట్రియల్ ఏరియాకి భోజనాల డబ్బాలు, అన్నీ దాంట్లోనే. బయట ఒక చోట టైమింగ్ బెల్ట్ మార్పించాడు. ఆ రోజు నుంచి బండికి పికప్ లేదు. లోడ్‌తో అంబర్‌పేట్ ఫ్లైఓవర్ ఎక్కాలంటే సెకండ్ గేర్‌లో మూలుగుతోంది. ఇంకో చోట చూపిస్తే, "అన్నా, ఇంజన్ పోయింది, దించి బోర్ చేయాలి, ఇరవై వేలు దాటుద్ది" అన్నారు. బండి పది రోజులు షెడ్డులో ఉంటే అన్న డబ్బాల బేరం వేరేవాళ్లకి పోతుంది. నిజంగా ఇంజన్ పోయిందా, లేక బెల్ట్ ఒక పన్ను పక్కన కూర్చుందా? ఇది తేల్చడానికి ఇంజన్ దించక్కర్లేదు. టీడీసీ ఎక్కడుందో కరెక్ట్‌గా పట్టుకుంటే చాలు.

ఓమ్నిలో, మారుతి 800లో ఉన్నది దాదాపు ఒకటే ఇంజన్, ఎఫ్8బి. 3 సిలిండర్లు, 796 సీసీ. మారుతి 800 మొదట 1983 డిసెంబర్‌లో రోడ్డెక్కింది, 2014 జనవరిలో తయారీ ఆగింది. మన వైపు ఇంకా బోలెడన్ని తిరుగుతున్నాయి, కాబట్టి నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఇంజన్ లేదు.

ముందు జాగ్రత్తలు. ఇంజన్ చల్లగా ఉండాలి. తాళం తీసేయండి, బ్యాటరీ నెగెటివ్ వైర్ విప్పేయండి, గేర్ న్యూట్రల్, చక్రాల కింద ఇటుకలు. ప్లగ్‌ల చుట్టూ ఉన్న దుమ్ము ఊదేసి అన్ని ప్లగ్‌లూ తీయండి. ప్లగ్‌లు లేకపోతే లోపల గాలి అడ్డు పడదు, క్రాంక్ బోల్ట్‌కి పానా వేసి చేత్తో హాయిగా తిప్పొచ్చు. సెల్ఫ్ కొట్టి తిప్పొద్దు, అది మీ చెప్పుచేతల్లో ఉండదు. ఇంజన్ మామూలుగా ఏ వైపు తిరుగుతుందో ఆ వైపే తిప్పండి. వెనక్కి తిప్పితే బెల్ట్ లూజై పన్ను జారే రిస్క్ ఉంది.

ఇప్పుడు అసలు తికమక. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఒక సైకిల్‌కి క్రాంక్ రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు తిరుగుతుంది. క్యామ్ ఒక్క చుట్టే. అంటే పిస్టన్ ఒక సైకిల్‌లో రెండుసార్లు పైకొస్తుంది. ఒకసారి కంప్రెషన్‌లో, ఇంకోసారి పొగ బయటికి తోసేటప్పుడు. కళ్లకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా చెప్పేది మీ బొటనవేలు. ఒకటో సిలిండర్ ప్లగ్ రంధ్రం మీద వేలు గట్టిగా నొక్కి ఉంచి, ఫ్రెండ్‌ని మెల్లగా తిప్పమనండి. గాలి వేలిని తోసుకుని బుస్సుమంటే అది కంప్రెషన్. ఊరికే పైకొస్తే అది ఎగ్జాస్ట్, ఇంకో చుట్టు తిప్పాలి.

నాలుగు సిలిండర్ల కార్లలో ఇంకో దారి ఉంది. 1, 4 పిస్టన్‌లు జంటగా పైకొస్తాయి. నాలుగో దాంట్లో ఎగ్జాస్ట్ వాల్వ్ మూసుకుంటూ, ఇన్‌టేక్ వాల్వ్ తెరుచుకుంటూ ఉంటే ఒకటోది కంప్రెషన్ పైన ఉన్నట్టే. మన ఓమ్నిలో 240 డిగ్రీలకి ఒక సిలిండర్ వంతు, జంటలు లేవు. అందుకే బొటనవేలే దిక్కు.

కంప్రెషన్ దొరికింది. ఇప్పుడు కరెక్ట్ పాయింట్. మనవాళ్లు ప్లగ్ రంధ్రంలోకి స్క్రూడ్రైవర్ దించి, అది పైకి లేచి ఆగిన చోట "ఇదే టీడీసీ" అంటారు. ఇది అందాజ్ మాత్రమే. ఎందుకో లెక్క చూద్దాం. ఈ ఇంజన్ స్ట్రోక్ 72 మిల్లీమీటర్లు. పైన, టీడీసీకి 5 డిగ్రీల దూరంలో పిస్టన్ దిగేది 0.2 మిల్లీమీటర్ కూడా ఉండదు. మధ్యలో అయితే ఒక్క డిగ్రీకే సుమారు 0.6 మిల్లీమీటర్ కదులుతుంది. మన కంటికి అర మిల్లీమీటర్ లోపు తేడా దొరకదు అనుకుంటే, పైన చూసి చెప్పేవాడు 8 డిగ్రీలు అటో ఇటో తప్పొచ్చు. పైన కర్వ్ ఫ్లాట్‌గా ఉంది, అంతే మేటర్.

అందుకని పైన కొలవొద్దు. పిస్టన్ గబగబా కదిలే చోట కొలిచి, మధ్య తీసుకుందాం. పొడవాటి గట్టి కేబుల్ టై ఒకటి తీసుకోండి. జ్యూస్ స్ట్రా వాడేవాళ్లం కానీ 2022 జూలై నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు బంద్, పేపర్‌ది లోపల ఆయిల్‌కి నాని విరిగితే ఇంకో తలనొప్పి. కేబుల్ టైని రంధ్రంలో పిస్టన్ మీద ఆనించి, పిస్టన్ ఇంకా పైకి రావడానికి సుమారు 2 సెంటీమీటర్లు ఉండగా ఆపండి. రంధ్రం అంచు దగ్గర టై మీద పెన్నుతో గీత గీయండి. అదే టైమ్‌లో క్రాంక్ పుల్లీ మీద, ఒక కదలని పాయింట్‌కి ఎదురుగా, మొదటి గుర్తు పెట్టండి. తర్వాత అదే వైపు తిప్పుతూ పోండి. టై పైకి లేస్తుంది, ఆగుతుంది, మళ్లీ దిగుతుంది. టై మీది గీత మళ్లీ రంధ్రం అంచుకి వచ్చిన క్షణంలో ఆపి, పుల్లీ మీద అదే పాయింట్‌కి ఎదురుగా రెండో గుర్తు. రెండు గుర్తులకి సరిగ్గా మధ్యలో ఉన్నదే నిజమైన టీడీసీ. రంధ్రం వాలుగా ఉంటే తప్పు రాదా అని డౌట్ రావచ్చు. రెండుసార్లూ అదే వాలు, అదే అంచు. ఎర్రర్ రెండు వైపులా సమానం కాబట్టి కొట్టుకుపోతుంది.

మధ్య కనుక్కోవడానికి పుల్లీకి మాస్కింగ్ టేప్ చుట్టండి. పుల్లీ అడ్డంగా 12 సెంటీమీటర్లు ఉంటే చుట్టుకొలత దాదాపు 37.7 సెంటీమీటర్లు, అంటే టేప్ మీద ఒక మిల్లీమీటర్ దాదాపు ఒక డిగ్రీ. స్కేలు చాలు.

పుల్లీ మీద కంపెనీ గుర్తు ఉంది కదా, ఇంత కష్టం ఎందుకు అంటారా? చాలా కార్లలో పుల్లీ అంటే లోపల ఒక ఇనుప ముక్క, బయట ఒక రింగ్, మధ్యలో రబ్బర్. పాతబడితే రబ్బర్ వదిలి రింగ్ జారుతుంది, దాంతోపాటే గుర్తూ జారుతుంది. గుర్తు అబద్ధం చెప్తుంది, పిస్టన్ చెప్పదు.

ఇక అన్న బండి సంగతి. ఇంకో రెండు చుట్లు తిప్పి, మళ్లీ కంప్రెషన్‌లో మనం కనుక్కున్న టీడీసీ దగ్గర ఆపాం. బెల్ట్ కవర్ తీసి చూస్తే క్యామ్ పుల్లీ గుర్తు దాని జాగాలో లేదు, ఒక పన్ను వెనక ఉంది. చిన్న తేడాలా అనిపిస్తుంది కానీ, క్రాంక్ పళ్ల చక్రానికి 20 పళ్లు ఉన్నాయనుకుంటే ఒక్క పన్ను అంటే 18 డిగ్రీలు. వాల్వ్‌లు అంత లేటుగా తెరుచుకుంటే పికప్ ఎక్కడి నుంచి వస్తుంది? బెల్ట్ సరిగ్గా ఎక్కించి, టెన్షనర్ బిగించి, చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ చూశాం. ఈ రెండు చుట్లు ఎవరూ వదలొద్దు. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆపేయండి, బలవంతంగా తిప్పితే వాల్వ్ పిస్టన్‌కి కొట్టుకుని వంగే ఇంజన్లు చాలా ఉన్నాయి. అన్నకి అయిన ఖర్చు ఒక పూట. బోరింగ్ మాట మళ్లీ ఎత్తలేదు.

అన్ని ఇంజన్లలో క్యామ్ గుర్తులు ఒకటో సిలిండర్ కంప్రెషన్‌కే కలవాలని లేదు. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో బొమ్మ చూసుకుని పని మొదలుపెట్టండి.

కొత్త కార్లకి టీడీసీ అక్కర్లేదు అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. వాటిలో క్రాంక్ సెన్సర్ ఉంటుంది. చాలావాటిలో 60 పళ్ల చక్రంలో రెండు పళ్లు లేకుండా వదిలేస్తారు. ఒక్కో పన్ను 6 డిగ్రీలు, ఆ ఖాళీని బట్టి ఈసీయూ టీడీసీ లెక్క కడుతుంది. ఇది కంప్రెషనా ఎగ్జాస్టా అన్నది క్యామ్ సెన్సర్ చెప్తుంది, మన బొటనవేలి డ్యూటీ దానిది. ఈ రెంటి లెక్కా కలవకపోతే ఓబీడీ డాంగిల్ పెట్టినప్పుడు ఫోన్‌లో పి0016 అనే కోడ్ వస్తుంది. సెన్సర్, వైరింగ్ తేడా వచ్చినా ఇదే కోడ్ పడొచ్చు. కాబట్టి ఎవరైనా "సెన్సర్ మార్చాలి" అంటే, ముందు బెల్టో చైనో పన్ను జారిందేమో టీడీసీ పెట్టి చూపించమని అడగండి.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో టెన్షనర్ ఎంత బిగించాలో ఇదే ఓమ్ని మీద చూపిస్తా.