లేత జొన్నలో నాము

తొలకరికి మొలిచిన జొన్న వానలు మొహం చాటేస్తే మోకాలెత్తున ఆగిపోయి వాడిపోతుంది. ఆకలి మీదున్న గేదె గట్టు దాటి ఆ చేలో పడుతుంది. కాసేపటికే ఎగశ్వాస, నోట నురగ, తూలి కూలబడటం. నాము తగిలిందంటారు రైతులు. పశువైద్యుడు వెంటనే వచ్చి సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ నరంలోకి ఎక్కిస్తే బతకొచ్చు. ఆలస్యమైతే ఆ ఇంటి పాడి పోయినట్లే.

ఇది సైనైడ్ పని. రక్తంలో ప్రాణవాయువు నిండుగానే ఉంటుంది, కణాలే దాన్ని వాడుకోలేవు. అందుకే నాము తగిలిన పశువు రక్తం మరీ ఎర్రగా మెరుస్తుంది.

నిజానికి పచ్చగా నిలబడిన జొన్న ఆకులో సైనైడ్ విడిగా ఉండదు. దురిన్ అనే పదార్థంలో చక్కెరతో కట్టుబడి, ఆకు పైపొర కణాల్లో ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైమ్ లోపలి పొరలోని హరితరేణువుల్లో ఉంటుంది. తమలపాకు, వక్క, సున్నం విడివిడిగా ఉంటే ఎరుపు రాదు, నమిలితేనే నోరు పండుతుంది. ఇదీ అంతే. పురుగు కొరికినా పశువు నమిలినా రెండూ కలిసి సైనైడ్ పుడుతుంది. నెమరువేసే పశువుల కడుపులోని సూక్ష్మజీవులు కూడా దురిన్‌ను విడగొడతాయి కాబట్టి గుర్రం కంటే గేదెకే ముప్పెక్కువ.

దురిన్ తయారీకి ముడిసరుకు టైరోసిన్, ప్రొటీన్లలో ఉండే మామూలు అమైనో ఆమ్లమే. మూడే మూడు ఎంజైమ్‌లు దాన్ని దురిన్‌గా మారుస్తాయి. మొదటి రెండూ దాని రూపు మారిస్తే, మూడోది చక్కెర తగిలించి నిలకడ ఇస్తుంది. ఈ మూడింటి జన్యువులూ జొన్న ఒకటో క్రోమోజోమ్‌లో దగ్గరదగ్గరగా ఉన్నాయి. డెన్మార్క్ శాస్త్రవేత్తలు వీటిని అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలోకి ఎక్కించి, 2001లో ఫలితాలు ప్రకటించారు. ఎన్నడూ దురిన్ ఎరుగని ఆ మొక్క దాన్ని తయారుచేయడమే కాదు, ఆకులు తినే ఒక రకం పెంకుపురుగును కూడా దూరం పెట్టింది.

ఈ జన్యువులు జొన్న జీవితమంతా ఒకే జోరుతో పనిచేయవు. మొలక వయసులో ఉద్ధృతంగా ఉంటాయి. అప్పుడు కొన చిగురు పొడి బరువులో 30 శాతం దాకా దురినే ఉండొచ్చు. కంకి వేసేసరికి బాగా తగ్గుతుంది. పండిన గింజలో ఉండదు, జొన్నరొట్టెకు ఏ భయమూ లేదు. నీటి ఎద్దడి వచ్చినా, నత్రజని ఎరువు ఎక్కువైనా మళ్లీ పెరుగుతుంది. కోసిన మోళ్ల నుంచి లేచే పిలకలూ అంతే ప్రమాదకరం.

బాదంలో ఈ సమస్యను మనిషి ఎప్పుడో దాటేశాడు. అడవి బాదం గింజ చేదు, అందులోనూ సైనైడ్ దాగి ఉంటుంది. తయారీ జన్యువులను మేల్కొలిపే మరో జన్యువులో ఒకే ఒక్క మార్పు వల్ల తీపి బాదం వచ్చిందని 2019లో తేలింది. మన పూర్వికులు జన్యుశాస్త్రం తెలియకుండానే రుచి చూసి ఆ చెట్లను ఏరుకున్నారు.

జొన్నలోనూ అలా చేయొచ్చా? ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు విత్తనాలకు రసాయనంతో మార్పులు కలిగించి వేల మొక్కలను జల్లెడ పట్టారు. మొదటి ఎంజైమ్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారిన మొక్క దొరికింది. అందులో సైనైడ్ పూర్తిగా లేదు. 2012లో ఈ ఫలితం వెలువడింది. కాకపోతే ఆ మొక్క లేతదశలో కొంచెం నెమ్మదిగా ఎదిగింది. దురిన్ ఆయుధమే కాదు, నత్రజని నిల్వ కూడా. అవసరమైతే జొన్న సైనైడ్ బయటికి వదలకుండానే ఆ నత్రజనిని తిరిగి వాడుకోగలదు. అందుకే దురిన్‌ను సమూలంగా తీసేయడం కంటే, మొలకను కాపాడి ఆ తర్వాత తొందరగా తగ్గిపోయే పశుగ్రాస రకాలే మన మెట్ట రైతుకు మేలనిపిస్తుంది. ఎండాకాలపు మేతకు జొన్నే దిక్కయిన ఊళ్లు మనకు చాలా ఉన్నాయి, ఆ పరిశోధన ఇక్కడి నేలల్లోనే జరగాలి.

అప్పటిదాకా పూతకు రాని జొన్నను పశువులకు వేయకూడదు. ఎండు తగిలిన చేనుకు తడి ఇచ్చి, తేరుకుని పూతకొచ్చాకే కోయాలి. పాతర వేసి మాగబెట్టిన మేతలో సైనైడ్ చాలావరకు తగ్గుతుంది. కోత అయిన చేలో పిలకలు లేస్తుంటే పశువులను అటు తోలకూడదు.