గుండమ్మ గడప దాకా వచ్చిన దర్శకులు

పెద్ద దర్శకుడు తీయబోయి మానుకున్న సినిమా అనగానే, ఆయనే తీసి ఉంటే ఎంత బాగుండేదో అని నిట్టూర్చడం మనకు అలవాటు. తీయని సినిమాకు తప్పులు పట్టేవాళ్లుండరు కదా! ‘గుండమ్మ కథ’ (1962) పుట్టుక చూస్తే ఆ నిట్టూర్పు అంత సబబనిపించదు. బి.విఠలాచార్య 1958లో తీసిన కన్నడ చిత్రం ‘మనె తుంబిద హెణ్ణు’ దీనికి మూలం. హక్కులు కొన్న విజయా సంస్థ నిర్మాత నాగిరెడ్డి, డి.వి.నరసరాజుతో మాటలు రాయించి, అన్నగారు బి.ఎన్.రెడ్డి చేత తీయిద్దామనుకున్నారు. కానీ ‘మల్లీశ్వరి’ తీసిన మనిషికి రీమేక్ అప్పగించడానికి నాగిరెడ్డికే మనసొప్పలేదు. తర్వాత సి.పుల్లయ్యను అడిగితే, ఆయనకు కథను మలచిన తీరు నచ్చలేదు. అప్పుడు నాగిరెడ్డి భాగస్వామి చక్రపాణి రంగంలోకి దిగి కథ తిరగరాశారు. గుండమ్మ భర్త పాత్రను తీసేశారు. సూర్యకాంతం గుండమ్మకు ఇంట్లో ఎదురులేకుండా పోయింది ఆ మార్పు వల్లే. పుల్లయ్య సరేననేసి ఉంటే స్క్రిప్టు అంత మారేదా? చివరికి దర్శకత్వం కమలాకర కామేశ్వరరావుకు దక్కింది. మరుసటి ఏడాది ‘నర్తనశాల’ తీసింది ఆయనే. బి.ఎన్. తీసి ఉంటే వచ్చేది మరింత మంచి ‘గుండమ్మ కథ’ కాదు, ఇంకేదో సినిమా.

అయితే కథ కుదిరితే చాలు, దర్శకుడు ఎవరైనా ఒకటేనా అని అడగవచ్చు. దీనికి జవాబు అదే సంస్థలో, అదే ఏడాది దొరుకుతుంది. ఈ కథనే చక్రపాణి తమిళంలో ‘మనిదన్ మారవిల్లై’గా స్వయంగా తీశారు. అక్కినేని, సావిత్రి, జమున అందులోనూ ఉన్నారు. అయినా ఆడలేదు. తమిళ ప్రేక్షకుల అభిరుచి వేరు కావచ్చు, కాబట్టి తప్పంతా దర్శకత్వానిదే అనలేం. కానీ కథ ఒక్కటే సినిమాను నిలబెడుతుందన్న వాదన మాత్రం ఇక్కడ నిలవదు.

దర్శకుడు తప్పుకున్న కారణాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. ‘లవకుశ’ (1963) మధ్యలో పుల్లయ్య ఆరోగ్యం దెబ్బతింటే, కొడుకు సి.ఎస్.రావు పూర్తిచేశారు. అది తండ్రి పనికి కొనసాగింపు. ‘సీతారామ కల్యాణం’ (1961) సంగతి అలా కాదు. ‘మాయాబజార్’లో కృష్ణుడిగా చూపిన ఎన్టీఆర్‌ను రావణుడిగా ఊహించుకోలేక కె.వి.రెడ్డి తప్పుకున్నారు. ఆయన ఉండి ఉంటే ఆ రావణుడే ఉండేవాడు కాడు. ఎన్టీఆరే దర్శకత్వం చేపట్టారు. తెరమీద మాత్రం దర్శకుడిగా తన పేరు వేసుకోలేదు.