గెలిచేదెవరు?

భీమ దుర్యోధనుల గదాయుద్ధం చూస్తూ అర్జునుడు కృష్ణుణ్ణి అడిగాడట: “వీరిద్దరిలో ఎవరు అధికులు?” అని. భీముడిది బలం, దుర్యోధనుడిది అభ్యాసం. న్యాయంగా పోరాడితే భీముడు నెగ్గడం కష్టమని కృష్ణుడు తేల్చాడు. ఆయన చూసింది పాత విజయాల పట్టిక కాదు, ఇద్దరి పోరాటపు తీరు. ముష్టియుద్ధానికి జోస్యం చెప్పేవారు నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదే.

మనం సాధారణంగా చేసేది వేరు. “ఫలానావాణ్ణి ఇతడు కొట్టాడు, ఆ ఫలానావాడు అతణ్ణి కొట్టాడు, కాబట్టి ఇతడే గొప్ప” అని లెక్క కడతాం. ఈ లెక్క ఎలా బోల్తా కొట్టిస్తుందో ముగ్గురు హెవీవెయిట్ యోధుల కథ చెబుతుంది.

1971 మార్చి 8న న్యూయార్కులో జో ఫ్రేజియర్ 15 రౌండ్లు పోరాడి మహమ్మదాలీని ఓడించాడు. 1973 జనవరిలో జమైకాలో జార్జి ఫోర్‌మన్ అదే ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టాడు. అలీ దవడ విరగ్గొట్టి గెలిచిన కెన్ నార్టన్ కూడా 1974 మార్చిలో ఫోర్‌మన్ ముందు రెండో రౌండు దాటలేదు. ఇక అలీ గతి ఏమిటి? లెక్క ప్రకారం చిత్తుగా ఓడాలి. కాని 1974 అక్టోబరు 30న కిన్షాసా నగరంలో, ఎనిమిదో రౌండులో నేలకొరిగింది ఫోర్‌మన్!

కారణం తీరులోనే ఉన్నది. ఫ్రేజియర్ వంగి, ఊగుతూ ముందుకు చొచ్చుకువస్తాడు. అలీ చేతులు దించుకుని తల వెనక్కి వాల్చే అలవాటుగలవాడు. అటువంటివాడికి ఫ్రేజియర్ ఎడమచేతి హుక్ ప్రమాదం. అదే ఫ్రేజియర్ ఫోర్‌మన్ మీదికి పోతే, కింద నుంచి లేచివచ్చే ఆ భారీ గుద్దులకు తానే తల అప్పగించినట్లు. అలీ అలా ఎదురుపోలేదు. తాళ్ళకు చేరగిలి, దెబ్బలు చాలావరకు చేతులమీద కాచుకుంటూ ఊరుకున్నాడు. అంతకుముందు మూడు పందేలు కలిపినా ఐదు రౌండ్లకు మించి పోరాడవలసిన అవసరం రాని ఫోర్‌మన్‌కు ఆయాసం వచ్చింది. 25 ఏళ్ళ బలాన్ని 32 ఏళ్ళ ఓర్పు గెలిచింది.

మన నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ 2022, 2023 సంవత్సరాలలో ప్రపంచ విజేత. అయినా 2024 పారిస్ ఒలింపిక్సులో రెండో పందెంలోనే చైనా యువతి వు యు ఆమెను ఓడించింది. ఆ వు యుకే చివరకు స్వర్ణం దక్కింది. బిరుదులు లెక్కపెట్టినవారికి ఆ ఓటమి వింత. ఎదుట నిలిచినదెవరో చూసినవారికి కాదు.

కనుక ఈసారి ఇంట్లో పిల్లలు “ఎవరు గెలుస్తారు?” అని అడిగితే మూడు ప్రశ్నలు వేయండి. ఇతడికి నచ్చే పోరాటం ఎదుటివాడు ఇస్తాడా? పందెం పొడుగైతే ఊపిరి ఎవరికి మిగులుతుంది? మొదటి ఉపాయం పారకపోతే రెండోది ఎవరి దగ్గర ఉన్నది?

మూడింటికీ జవాబు ఒకటే పేరైతే ధైర్యంగా చెప్పండి. ఐతే, కాఫీ కంటే ఎక్కువ పందెం మాత్రం కాయకండి. ఏ విద్యార్థికి ఫస్టు క్లాసు వస్తుందో చెప్పబోయి ఏటేటా భంగపడే ఉపాధ్యాయుడిగా ఈ సలహా ఇస్తున్నాను!