సైట్లు బంద్ పెడితే నెట్ బాగుపడదు

ముప్పై మంది పనిచేసే చిన్న కంపెనీల కంప్యూటర్లు, వైఫై, ప్రింటర్ అన్నీ చూసుకునేది నేనొక్కన్నే. పోయిన ఎండాకాలం రోజూ మధ్యాహ్నం నెట్ ఆగుడు షురువైంది. బిల్లులు అప్‌లోడ్ కావు, వీడియో కాల్ మధ్యల తెగిపోతది. "అందరూ యూట్యూబ్ చూస్తున్నరు. బంద్ పెట్టు. ఎవరు ఏం చూస్తున్నరో లిస్ట్ తీసి ఇయ్యి" అన్నడు ఓనర్ సార్.

బంద్ పెట్టిన. నెట్ బాగుపడలే. అకౌంట్స్ అక్క వచ్చి "జీఎస్టీ రిటర్న్ వేసుడు ఆ వీడియోలు చూసే నేర్చుకుంటున్న తమ్మీ" అన్నది. కొందరైతే ఆఫీస్ ల్యాప్‌టాప్‌లనే ఫోన్ హాట్‌స్పాట్‌కు కలుపుకున్నరు. అంటే ఫైర్‌వాల్ దాటి పోయినట్టే. ఇగ ఏ వైరస్ వచ్చినా నాకు తెల్వదు.

అప్పుడు ఏ మిషన్ ఎంత డేటా వాడుతున్నదో రౌటర్ల చూసిన. దొంగ దొరికింది. సీసీ కెమెరాల రికార్డింగ్‌ను క్లౌడ్‌కు పంపే డబ్బా అది. అప్‌లోడ్ మొత్తం అదే మింగుతున్నది. అప్‌లోడ్ నిండితే డౌన్‌లోడ్ కూడా నెమ్మదైతది. ఎందుకంటే వచ్చిన డేటా అందిందని మన దిక్కు నుంచి జవాబు పోవాలె. ఆ బ్యాకప్‌ను రాత్రికి మార్చిన. సొంత ఫోన్లకు వేరే వైఫై ఇచ్చిన. యూట్యూబ్ తెరిచి, వైరస్, బూతు సైట్లను మాత్రం డీఎన్ఎస్ ఫిల్టర్‌తోని ఆపిన.

ఇగ లిస్ట్ సంగతి. హెచ్‌టీటీపీఎస్ ఉంటే ఏమీ కనవడదని చాలామంది అనుకుంటరు. పేజీల ఏమున్నదో కనవడదు గానీ, సైట్ పేరు డీఎన్ఎస్ లాగ్‌ల పడుతది. ఆ పేరే చాలు. ఒక మిషన్ నుంచి సంతానం దవాఖాన సైట్, ఇంకో మిషన్ నుంచి ఉద్యోగాల సైట్ కనవడ్డయ్. ఆ కాయితం సార్ టేబుల్ మీద పెడితే వాళ్ల నౌకరీలు ఏం గావాలె?

లాగ్‌లే వద్దని అంటలేను. కంపెనీలు 180 రోజుల లాగ్‌లు దాచాలని 2022ల సెర్ట్-ఇన్ ఆదేశం ఇచ్చింది. గోప్యత ప్రాథమిక హక్కని 2017ల సుప్రీంకోర్టు కూడా చెప్పింది. దాచుడు వేరు, తొంగిచూసుడు వేరు.

సార్‌కు పేర్లు లేకుంట డేటా లెక్క మాత్రమే ఇచ్చిన. ఏం రికార్డ్ అయితదో, ఎవరు చూస్తరో, ఎప్పుడు చూస్తరో ఒక కాయితం మీద రాసి సంతకం అడిగిన. సార్ గునిగిండు గానీ పెట్టిండు. ఇప్పుడది నోటీస్ బోర్డు మీదున్నది. మీ ఆఫీస్‌ల అసొంటి కాయితం ఉన్నదా? లేకుంటే అడుగుండ్రి.