గేరు ఆయిలు... కదపాలా? వదిలేయాలా?

'లక్ష దాటిన బండి కదండీ... గేరు ఆయిలు జోలికెళ్లకండి. మార్చారో, గేర్‌బాక్సు పోయినట్టే!'

సొంత బండి ఉన్నవాళ్లు ఈ సలహా ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. అమలాపురంలో టీకొట్టు దగ్గర ఒకరు అవునంటారు. రాజోలు షెడ్డులో మరొకరు కాదంటారు. ఇంతకీ ఎవరి మాట నిజం? ఇద్దరి మాటలోనూ కొంత ఉంది. అదేంటో తెలుసుకోకపోతే మాత్రం వేలతో పోయేది లక్షల దాకా వెళ్తుంది. సెకండ్ హ్యాండులో కొన్న ఆటోమేటిక్ కారయితే ఒక్కోసారి గేర్‌బాక్సు రిపేరు ఖర్చు బండి ధరతో పోటీపడుతుంది. కిరాయి బండయితే, అది షెడ్డులో ఉన్నన్నాళ్లూ ఇంట్లోకి రాబడి ఉండదు.

మామూలు గేర్లయితే...
చేత్తో గేర్లు మార్చే బండి గురించి బెంగ అక్కర్లేదు. ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగినా ఆయిలు మార్చొచ్చు, మార్చాలి కూడా. పళ్లు ఒరుసుకుని రాలిన ఇనుప రజను ఆ నూనెలోనే తిరుగుతుంటుంది. పాత నూనె తీసేస్తే ఆ రజనూ దానితోపాటే పోతుంది. మార్చాక గేరు పడేటప్పుడు గరగరమంటోందంటే అంతకుముందే అరుగుదల ఉన్నట్టు. తప్పు కొత్త నూనెది కాదు.

అలాగని ఏదో ఒకటి పోసెయ్యకూడదు. తలకు రాసుకునే నూనెతో పులిహోర పోపు పెట్టం కదా! చాలా గేర్‌బాక్సుల్లో ఇత్తడి రింగులుంటాయి. వాటికి పడని రసాయనాలున్న నూనె పోస్తే అవి తొందరగా పాడవుతాయి. బండితో ఇచ్చిన పుస్తకంలో ఏ రకం రాశారో అదే పోయించుకోవాలి.

భయం ఎక్కడ పుట్టింది?
అసలు పేచీ ఆటోమేటిక్ బండ్లతోనే. వీటిలో నూనె పని పళ్లను తడపడంతో అయిపోదు. ఇంజిను బలాన్ని చక్రాలకు అందించేదీ, లోపలి క్లచ్ ప్లేట్లను ఒత్తిడితో పట్టి ఉంచేదీ అదే. అందుకే అందులో కలిపే మందులకు అంత విలువ. 1970ల తొలినాళ్ల దాకా అమెరికాలో ఈ నూనెలో తిమింగలం నూనె కలిపేవారంటే నమ్ముతారా? తిమింగలాల రక్షణకు చట్టాలొచ్చాక కంపెనీలు వేరే రసాయనాలు వెతుక్కున్నాయి.

ఏళ్ల తరబడి మార్చకపోతే ఆ మందుల బలం తగ్గుతుంది. ప్లేట్ల పొడి నూనెలో కలుస్తుంది, సన్నటి దారుల్లో మడ్డి పేరుకుంటుంది. అప్పటికే ప్లేట్లు అరిగి, యాక్సిలరేటరు తొక్కినా ఇంజిను అరుపే తప్ప బండి కదలని స్థితి వచ్చాక, చాలామంది అప్పుడు పరిగెత్తి ఆయిలు మార్పిస్తారు. వారం తిరక్కుండా గేర్‌బాక్సు కూర్చుంటుంది. నింద కొత్త నూనె మీద పడుతుంది! యంత్రంతో ఒత్తిడి పెట్టి కడిగిస్తే పేరుకున్న మడ్డి కదిలి దారులకు అడ్డుపడే ప్రమాదమూ ఉంది. షెడ్డు మాటలో ఉన్న నిజం ఇదే.

మరేం చేయాలి?
ముందు నూనెను చూడాలి. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేయించండి. చాలా రకాలు కొత్తలో ఎర్రగా ఉంటాయి. కాస్త గోధుమ రంగుకు తిరిగి, గేర్లు సాఫీగా పడుతుంటే మార్చొచ్చు. అయితే కడిగించొద్దు. అడుగు నట్టు విప్పి కారినంత తీయించి, అంతే కొత్తది పోయించాలి. ఇలా చేస్తే మొత్తంలో కొంత భాగమే మారుతుంది. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చేయిస్తే లోపలి భాగాలకు తేడా తెలియకుండా నూనె కొత్తదవుతుంది. విప్పి మార్చే వీలుంటే ఫిల్టరూ మార్పించాలి.

నల్లగా మారి, మాడు వాసన కొడుతూ, గేరు జారుతోంటే మాత్రం నూనెతో నయమయ్యే జబ్బు కాదది. ఆ డబ్బు రిపేరుకు దాచుకోవడం మేలు.

క్లచ్ పెడల్ లేని కార్లన్నీ ఒకటే జాతి కావు. ఏఎంటీ బండిలో ఉండేది మామూలు గేర్‌బాక్సే. గేరు మార్చే పని మరలు చేస్తాయి. సీవీటీకి దాని ప్రత్యేకమైన నూనే పోయాలి. మీది ఏ రకమో ముందు కనుక్కోండి.

కోనసీమ లెక్క వేరు
ఇక్కడ మీటరు చెప్పే కిలోమీటర్లు సగం కథే. కాలవ గట్ల మీద సన్నటి రోడ్లు, అడుగడుక్కీ మలుపులు. ఎదురుగా అంబాజీపేట కొబ్బరికాయల లోడొస్తే పక్కకు దిగి ఆగాలి. హైవే బండి గంటకోసారి మార్చే గేరు ఇక్కడ నిమిషానికోసారి మారుతుంది.

ఆపైన వరద. 1986 ఆగస్టును పెద్దవాళ్లు ఇంకా తలుచుకుంటారు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటి లంక గ్రామాలు మునిగాయి. గేర్‌బాక్సుకు గాలి ఆడే చిన్న గొట్టం ఉంటుంది. వేడి మీదున్న బండి కాజ్‌వే నీళ్లలోకి దిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. ఆ గొట్టం నీటిలో మునిగితే నీళ్లు లోపలికి లాగేసుకుంటుంది. అప్పుడు నూనె పాలు పోసిన టీలా మారుతుంది. అలా కనబడితే బండి పదివేలు తిరిగిందా, రెండు లక్షలు తిరిగిందా అన్న ప్రశ్నే లేదు. వెంటనే మార్చాల్సిందే. ఆటోమేటిక్‌లో అయితే నీళ్లు క్లచ్ ప్లేట్ల పూతనే ఊడగొడతాయి. మునిగిన బండిని స్టార్ట్ చేయకుండా, తిరిగే చక్రాలు నేలకు తగలకుండా ఎత్తి షెడ్డుకు చేర్చాలి.

ఇంకో చిన్న జాగ్రత్త. సముద్రపు గాలికి ఇక్కడ నట్లు తుప్పు పడతాయి. అందుకే నూనె పోసే పై నట్టు ముందు ఊడుతుందో లేదో చూశాకే కింది నట్టు విప్పమనండి. ఉన్న నూనె కారిపోయాక పై నట్టు రానంటే బండి కదలదు!

తీసిన పాత నూనె కాలవలో పోయనివ్వకండి, డబ్బాలో పట్టి పాత నూనె కొనేవాళ్లకు ఇప్పించండి. ఆ కాలవ నీళ్లే దిగువ ఊళ్ల చెరువులకు చేరేది.